మీ అబ్బాయికి వేసిన శిక్షకు గడువెప్పుడు?

"మా అబ్బాయి మిషిగన్ యూనివర్సిటీలో చదువుతున్నాడు. 2024లో వాళ్ల అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు మోసం చేసి జాతీయ టైటిల్ గెలిచింది, దాన్ని వెనక్కి తీసుకోవాలని నేనన్నాను. ఆటగాళ్లు కష్టపడి గెలిచారని వాడు. మాటా మాటా పెరిగి నెల రోజులుగా ఫోన్ లేదు. తొమ్మిదో తరగతిలో కాపీ కొట్టి దొరికాడు లెండి, వాడికి ఇలాంటివి తప్పనిపించవు. మొన్న మంచి గ్రేడ్ వచ్చిందని వాళ్లమ్మకు చెబుతుంటే 'సొంతంగానే రాశావా?' అని సరదాగా అడిగాను, దానికీ కోపమే. మా ఇద్దరిలో ఎవరిది న్యాయం?"

టైటిల్ సంగతి ముందు తేల్చేస్తాను. ఎదుటి జట్టు కోచ్‌లు తమ ఆటగాళ్లకు చేసే సైగలను మ్యాచ్‌లో చూసి పసిగట్టడం తప్పు కాదు. వాళ్లు వేరే జట్లతో ఆడే మ్యాచ్‌లకు మనుషుల్ని పంపి ఆ సైగలను ముందుగానే ఆరా తీయడం 1994 నుంచీ నిషేధం. మిషిగన్ ఉద్యోగి కానర్ స్టాలియన్స్ చేయించింది అదే. 2023 అక్టోబరులో అతణ్ని పక్కన పెట్టారు. ఆ తర్వాతే, జనవరిలో, వాషింగ్టన్ యూనివర్సిటీ జట్టుని 34-13తో ఓడించి టైటిల్ గెలిచారు. 2025 ఆగస్టులో అమెరికా కాలేజీ క్రీడల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ భారీ జరిమానా వేసింది కానీ టైటిల్ జోలికి పోలేదు. నాకు అది సబబుగానే ఉంది. ఆ మోసం వల్లే గెలిచారని రుజువైతే తీసేయాలి, ఆరోపణ ఒక్కటే చాలదు.

ఇక అసలు విషయానికి వద్దాం. "కాపీ కొట్టి దొరికాడు లెండి." ఈ మాట దగ్గరే నేను ఆగిపోయాను. పద్నాలుగేళ్ల పిల్లాడు ఓ పరీక్షలో చేసిన తప్పు అది. అప్పుడు మీరు మందలించే ఉంటారు, మందలించాలి కూడా. కానీ ఇన్నేళ్లయినా వాడు తెచ్చుకున్న ప్రతి గ్రేడునూ మీరు అనుమానంగానే చూస్తున్నారు. అమ్మకు సంతోషంగా చెప్పుకుంటున్న కొడుకును అలా అడిగితే అది సరదా ఎలా అవుతుంది? ఆటగాళ్ల కష్టాన్ని వాడు అంతలా వెనకేసుకొచ్చింది ఎందుకో మీకు తట్టలేదా?

తప్పు చేస్తే దండించే హక్కు తండ్రికి ఉందని నేను గట్టిగా నమ్ముతాను. ఆ దండనకు ఒక గడువూ ఉండాలి. అప్పటి కోచ్ జిమ్ హార్బా మీద పెట్టిన ఆంక్షలకు కూడా పదేళ్లని లెక్క చెప్పారండీ. మీ అబ్బాయికి ఎన్నేళ్లని చెప్పారు?

మీరే ముందు ఫోన్ చేయండి. పెద్దవాణ్ని, నేనెందుకు తగ్గాలి అనుకోకండి. ఫుట్‌బాల్ ఊసెత్తొద్దు. "ఆ రోజు అలా అడగడం నాదే తప్పు నాన్నా" అనండి. ఆ మాట అప్పుడు వాళ్లమ్మ ముందే అన్నారు కాబట్టి ఇదీ ఆవిడ వినేలా చెప్పండి. వాడు ఫోన్ ఎత్తకపోతే మర్నాడు మళ్లీ చేయండి.