ఇంట్లో ఉసిళ్లు లేచాయని మందు కొట్టాం.. కడుపులో బిడ్డకు ఏమైనా అవుతుందా?

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. నాకిప్పుడు ఐదో నెల. నాలుగేళ్ల బాబు ఉన్నాడు. పోయిన వారం మొదటి వాన పడ్డ రాత్రి పడకగది దర్వాజ పగుళ్లలోంచి ఉసిళ్లు వేలకొద్దీ లేచాయి. భయపడి మా ఆయన పొలానికని తెచ్చిన క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ సీసా తీసి, నీళ్లలో కలిపి, దర్వాజకు, గోడ మూలలకు, మంచం కిందా పంపుతో కొట్టారు. వాన పడుతోందని కిటికీలు మూసే ఉంచాం. ఆ గదిలోనే పడుకున్నాం. తెల్లారేసరికి నాకు తలనొప్పి, వికారం. బాబుకు దగ్గు. ఆరు రోజులైనా గదిలో వాసన పోలేదు. అత్తమ్మకు ముందే ఆస్తమా ఉంది. ఆమె మెడ మీద కాలినట్టు ఎర్రటి చార లేచి నీటి పొక్కులు వచ్చాయి. ఉసిళ్ల విషమని కొందరు, అక్కి అని కొందరు అంటే, అక్కి రాయించాం. ఇప్పుడు పెస్ట్ కంట్రోల్ వాళ్లు నేలకు డ్రిల్ చేసి మందు పోయాలంటున్నారు. కడుపులో బిడ్డకు ఏమైనా అవుతుందా? చేయించుకోవచ్చా? ఇంకో మాట, మామయ్య ఉసిళ్లు వేయించుకుని తింటానంటున్నారు. తినొచ్చా?
- ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందు ఈ రాత్రి సంగతి. ఆ గదిలో మీరూ బాబూ పడుకోవద్దు. అత్తమ్మ కూడా వద్దు. మిగతా ప్రశ్నలన్నీ ఆ తర్వాత.

మీ ఇంట్లో రెండు వేరు వేరు విషయాలు కలిసిపోయాయి. ఉసిళ్లు ఒకటి, మందు ఇంకొకటి. మీ భయమంతా మొదటిదాని మీద ఉంది. డాక్టర్‌గా నా భయం రెండోదాని మీద.

ఉసిళ్లు అంటే రెక్కలొచ్చిన చెదలే. కొన్నిచోట్ల ఈసుళ్లు అంటారు. వీటికి విషం లేదు, కుట్టవు. దోమలాగా జబ్బులు మోసుకురావు. అసలు ఆ రెక్కల పురుగు మీ దర్వాజను తినను కూడా తినదు. తినేవి లోపల మట్టి గొట్టాల్లో తిరిగే తెల్లటి పనిచెదలు. మొదటి వాన పడి నేల మెత్తబడగానే ఇవి జత కోసం బయటికి ఎగురుతాయి, దీపం చుట్టూ కాసేపు తిరుగుతాయి, రెక్కలు రాల్చుకుంటాయి. పొద్దున చూస్తే నేల మీద రెక్కలు కుప్పగా ఉంటాయి, పురుగుల్లో చాలావరకు చచ్చి ఉంటాయి, లేదా బల్లుల పాలైపోతాయి. తడిగుడ్డతో తీసేసే పనికి మీరు పంపు ఎత్తారు.

పెద్దవాళ్లు లాంతరు కింద నీళ్ల పళ్లెం పెట్టేవారు గుర్తుందా? ఇప్పటికీ అంతకంటే మంచి ఉపాయం లేదు. ఈసారి లేస్తే గదిలో లైటు ఆపేసి, బయట వరండా లైటు వేసి, దాని కింద వెడల్పాటి బేసిన్‌లో నీళ్లు పెట్టండి. గంటా గంటన్నరలో ఆట ముగుస్తుంది. రెక్కలను పొడి చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తీయండి. ఆ రెక్కల పొడి, చెదల మట్టి దుమ్ము, నీరు దిగిన చెక్కకు పట్టే బూజు, ఇవి ఆస్తమా ఉన్నవాళ్లకు పడవు. కాబట్టి ఆ పని అత్తమ్మకు చెప్పొద్దు. పల్లెటూరి ఇల్లు కాబట్టి ఇంకో జాగ్రత్త: ఉసిళ్ల కోసం కప్పలు వస్తాయి, కప్పల కోసం పాములు వస్తాయి. ఆ రాత్రి టార్చి లేకుండా గడప దాటొద్దు.

ఎప్పుడైనా ఒకటి చెవిలో దూరితే పిన్నీసు, అగ్గిపుల్ల పెట్టి కెలకొద్దు. పక్కకు పడుకోబెట్టి గోరువెచ్చటి కొబ్బరినూనె నాలుగు చుక్కలు వేస్తే పురుగు కదలడం ఆగిపోతుంది, తర్వాత ఈఎన్‌టీ డాక్టర్ తీస్తారు. చెవిలోంచి చీము కారేవాళ్లకు, కర్ణభేరికి రంధ్రం ఉన్నవాళ్లకు మాత్రం నూనె కూడా వేయకూడదు.

ఇక మందు. క్లోర్‌పైరిఫాస్ పొలంలో వాడే ఆర్గానోఫాస్ఫేట్ జాతి పురుగుమందు. పురుగు నరాల మీద ఎలా పనిచేస్తుందో మన నరాల మీదా అలాగే పనిచేస్తుంది, తేడా మోతాదులోనే. చెదలకు ఈ మందు వాడతారన్న మాట నిజమే. కానీ దాన్ని పోయాల్సింది పునాది చుట్టూ మట్టిలో, నేల కింద. మంచం కింద చల్లడానికి కాదు. అమెరికాలో ఇళ్ల లోపల దీని వాడకాన్ని 2001 కల్లా దాదాపుగా ఆపేశారు. పైగా మీరు కిటికీలు మూసిన గదిలో, తడి తడిగా ఉండగానే, రాత్రంతా దాన్ని పీల్చారు.

ఇంత చెప్పాక మీకు టెన్షన్ పెరుగుతుందని తెలుసు. కాస్త నిదానంగా చదవండి. ఈ మందు ఒంటికి గట్టిగా ఎక్కితే కనిపించే లక్షణాలు వేరు: నోట్లోంచి, కళ్లలోంచి నీళ్లు కారడం, ఒళ్లంతా చెమటలు, వరసగా వాంతులు విరేచనాలు, కంటిపాప గుండుసూది మొనంత చిన్నదైపోవడం, కండరాలు పటపట కొట్టుకోవడం, ఊపిరి ఆడకపోవడం. సాధారణంగా ఇవి 24 గంటల లోపే బయటపడతాయి. మీకు ఆరు రోజులు గడిచాయి, తలనొప్పి, వికారం తప్ప ఇంకేమీ రాలేదు. దానికి మందు ఎంత కారణమో, అందులో కలిపే కిరోసిన్ లాంటి ఘాటు ద్రావకం కూడా అంతే కారణం అయి ఉండొచ్చు. గది మారితే రెండు మూడు రోజుల్లో తగ్గాలి. తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్లండి.

బిడ్డ సంగతి దాచకుండా చెబుతాను. న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు గర్భిణులను, తర్వాత వాళ్లకు పుట్టిన పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. పుట్టినప్పుడు బొడ్డుతాడు రక్తంలో ఈ మందు ఎక్కువగా కనిపించిన పిల్లలకు, పెరిగాక జ్ఞాపకశక్తి, తెలివితేటల పరీక్షల్లో మార్కులు కాస్త తక్కువ వచ్చాయి. అయితే ఆ తల్లులు పురుగుమందులు మళ్లీ మళ్లీ కొట్టే ఇళ్లలో నెలల తరబడి ఉన్నవాళ్లు. మీది ఒక రాత్రి, దాని మీద కొన్ని రోజుల వాసన. రెండూ ఒకటి కాదు. అందుకే జరిగిన దాని గురించి ఏడవడం కంటే, ఈ రోజు నుంచి ఆ వాసన మీ ముక్కుకు తగలకుండా చూసుకోవడం ముఖ్యం. మీ గైనకాలజిస్టుకు ఇదంతా చెప్పండి, సీసా లేబుల్ ఫొటో తీసి చూపించండి. ఐదో నెల టిఫా స్కాన్ ఎలాగూ ఉంటుంది, చేయించుకోండి. దాంట్లో బిడ్డ అవయవాల ఆకారం తెలుస్తుంది. మెదడు రేపు ఎలా పనిచేస్తుందో ఏ స్కానూ చెప్పలేదు, ఆ ఆశతో మూడు చోట్ల స్కాన్‌లు తీయించుకోకండి.

ఈ మందు దెబ్బతీసే కోలినెస్టరేజ్ అనే ఎంజైమును కొలిచే రక్తపరీక్ష చేయించుకోమని ఎవరైనా అంటారేమో. విషం గట్టిగా ఎక్కినవాళ్లకు అది పనికొస్తుంది. మీకు ఇప్పుడు దానివల్ల దిగులే ఎక్కువ. ఎందుకంటే గర్భిణుల్లో రక్తంలోని ఆ ఎంజైము ఎలాగూ కొంత తగ్గి ఉంటుంది. రిపోర్టులో తక్కువ అని చూసి నిద్ర మానేస్తారు.

బాబు దగ్గును మాత్రం ఇంట్లో కూర్చుని చూడొద్దు. పిల్లల డాక్టర్‌కు ఒకసారి చూపించండి. ఇంట్లో నాయనమ్మకు ఆస్తమా ఉంది కాబట్టి వాడికీ ఆ గుణం ఉండొచ్చు, మందు వాసన దాన్ని లేపి ఉండొచ్చు. రొమ్ములో పిల్లికూతలు వినపడినా, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తున్నా, మాట్లాడలేక, తాగలేక నీరసపడినా అప్పటికప్పుడు తీసుకెళ్లాలి. అత్తమ్మ రోజూ వాడే ఇన్‌హేలర్ ఆపకూడదు. ఆయాసం వచ్చినప్పుడు వాడే ఇన్‌హేలర్ మామూలు కంటే ఎక్కువసార్లు వాడాల్సి వస్తోందంటే అదే డాక్టర్ దగ్గరకు వెళ్లమనే సూచన.

ఇప్పుడు ఆవిడ మెడ మీద చార. నాకిది ఉసిళ్లదీ అనిపించడం లేదు, అక్కీ అనిపించడం లేదు. వానాకాలంలో లైటు కిందికి ఉసిళ్లతో పాటే ఇంకో పురుగు వస్తుంది. గండుచీమంత ఉంటుంది, సన్నగా, ఒళ్లు నారింజరంగు నలుపు పట్టీలతో. డాక్టర్లు దాన్ని పెడెరస్ అంటారు. అది కుట్టదు. మెడ మీద పాకుతుంటే మనం నిద్రలో చేత్తో నలిపేస్తాం, దాని ఒంట్లోని రసం పూసుకున్నంత మేర చర్మం కాలినట్టు అవుతుంది. అందుకే గుండ్రంగా కాకుండా చారలా వస్తుంది. అదీ వెంటనే కాదు, ఒకటి రెండు రోజులకు. మీరు రాసిన లక్షణాలు దానికి సరిపోతున్నాయి. సబ్బుతో కడిగి, చల్లటి తడిగుడ్డ వేసి, చర్మవైద్యులు రాసిన పలచటి స్టెరాయిడ్ క్రీము కొన్ని రోజులు రాస్తే ఒకటి రెండు వారాల్లో మానుతుంది, నల్లమచ్చ ఇంకొన్నాళ్లు ఉంటుంది. ఆ చేత్తో కళ్లు రుద్దుకోవద్దు. నిజంగా అక్కి అయితే ఒళ్లంతటిలో ఒకవైపే వస్తుంది, పొక్కుల కంటే ముందు నుంచే సూదులతో పొడిచినట్టు నొప్పి ఉంటుంది, దానికి మొదటి మూడు రోజుల్లో మొదలుపెడితే బాగా పనిచేసే మాత్రలున్నాయి. కాబట్టి జాజు రాయించినా సరే, ఆ రంగు కడిగి డాక్టర్‌కు చూపించండి. రంగు కింద ఏముందో మాకు కనపడాలి కదా. పొక్కుల మీద పుట్టమన్ను మాత్రం రాయొద్దు, పచ్చిపుండులోకి మట్టి పోతే ధనుర్వాతం భయం.

గది శుభ్రం చేసే పని మీ ఆయనది. మందు కొట్టిన చేతులే కడగాలి. కిటికీలన్నీ తెరిచి, ఫ్యాను వేసి, రబ్బరు గ్లవ్స్ తొడుక్కుని, సబ్బునీళ్లతో నేల, మంచం కోళ్లు రెండు మూడుసార్లు తుడవాలి. దుప్పట్లు, దిండు గలీబులు విడిగా ఉతకాలి. పరుపు రెండు ఎండలకు వేయండి, మందు పడి తడిసిన భాగం ఉంటే ఆ పరుపు ఇక పిల్లాడికి వద్దు. నేల మీద ఉన్న బొమ్మలు కడగండి. గదిలో మూత లేకుండా ఉన్న బియ్యమో పప్పో ఉంటే, మనసు ఒప్పకపోయినా పారేయండి.

మిగిలిన సీసా ఎక్కడుంది? పత్రికలో పట్టే జాగా తక్కువైనా ఇది వదలను. ఈ మందు నీళ్లలో పోయగానే తెల్లగా విరిగి అచ్చం మజ్జిగలా కనిపిస్తుంది. నేను పీజీ చేసే రోజుల్లో ఒక రాత్రి డ్యూటీకి వచ్చిన పిల్లాడు, గూట్లో గ్లాసులో మిగిల్చిన దాన్ని మజ్జిగనుకుని రెండు గుక్కలు తాగాడు. ఐదు రోజులు వెంటిలేటర్ మీద ఉంచి, విరుగుడు మందు అట్రోపిన్ ఎక్కించి బతికించారు. కూల్‌డ్రింక్ సీసాలో పోసి దాచే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. కంపెనీ సీసాలోనే, తాళం వేసిన చోట, ఇంటి బయట పెట్టండి. ఎవరైనా తాగితే ఉప్పునీళ్లు, చింతపండు రసం, సబ్బునీళ్లు తాగించి కక్కించవద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మందు పడిన బట్టలు విప్పి, ఒళ్లు సబ్బుతో కడిగి, 108కి ఫోన్ చేసి, సీసా వెంట తీసుకెళ్లండి.

పెస్ట్ కంట్రోల్ చేయించాలా అంటే, చేయించాలి. కానీ ఇప్పుడే కాదు. గది తలుపులు మూసి ఉండగా దర్వాజలోంచే లేచాయంటే చెదలు మీ ఇంటి కిందే ఉన్నాయి. అయితే ఒక గూడు ఉసిళ్లను ఎగరేసే స్థితికి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఇన్నేళ్లుగా మీ కింద కాపురం ఉన్నవి, ఇంకో రెండు నెలలుంటే ఇల్లు కూలదు. ఏడో నెలలో సీమంతం చేసి మిమ్మల్ని పుట్టింటికి పంపుతారు కదా, బాబును కూడా వెంట తీసుకెళ్లి అప్పుడు చేయించమనండి. మీరు చంటిబిడ్డతో తిరిగి వచ్చేసరికి నెలలు గడుస్తాయి. అత్తమ్మను ఆ నాలుగు రోజులు చుట్టాలింటికి పంపండి. పనివాళ్లు సాధారణంగా గోడ, నేల కలిసే చోట అడుగుకొకటి చొప్పున అర అంగుళం రంధ్రాలు వేసి, మందు లోపలికి పోసి, సిమెంటుతో మూసేస్తారు. లైసెన్సు ఉందా, ఏ మందు పోస్తున్నారు అని అడిగి, పేరు కాగితం మీద రాయించుకోండి. సంపు, బోరు, బావి ఎక్కడున్నాయో పని మొదలయ్యే ముందే చూపించాలి. వాసన లేని మందు కాబట్టి ఏమీ కాదు అని చెప్పేవాళ్లను నమ్మొద్దు, వాసనకూ విషానికీ సంబంధం లేదు.

అప్పటిదాకా మట్టి గొట్టాలు కనపడితే గీకేయండి, గోడకు నీరు కారే చోటు బాగుచేయించండి, అట్టపెట్టెలు, పాత పేపర్ల కట్టలు గోడకు దూరంగా జరపండి. బీరువాలో చెదలకని కలరా ఉండలు వేస్తుంటే తీసేయండి. వాటికి చెదలు పోవు సరికదా, పుట్టబోయే బిడ్డ బట్టలకు ఆ వాసన పడితే, జీ6పీడీ అనే ఎంజైము లోపం పుట్టుకతో ఉన్న పిల్లల్లో రక్తకణాలు విరిగి కామెర్లు రావచ్చు.

ఇక మామయ్యగారి కోరిక. రెక్కలు చెరిగి, వేయించి, కాస్త ఉప్పుకారం చల్లుకుని తినడం మన పల్లెల్లో ఎప్పటి నుంచో ఉన్నదే, అందులో మాంసకృత్తులు, కొవ్వు బాగానే ఉంటాయి. రొయ్యలు, పీతలు పడనివాళ్లు మాత్రం ముట్టకూడదు, ఆ అలర్జీకి కారణమయ్యే పదార్థం లాంటిదే పురుగుల్లోనూ ఉంటుంది. ఆయనకు రొయ్యలు పడతాయంటే నాకు అభ్యంతరం లేదు, కానీ మీ ఇంట్లో లేచినవి వద్దు, వాటి మీద మందు పడింది. వచ్చే వానకు పొలం గట్టు మీద పుట్టలోంచి లేచినవి పట్టుకోమనండి.