అనుభవం ఉన్నా జిమ్నాస్టిక్స్ కోచ్ ఉద్యోగం ఎందుకు దొరకదు?

ఏళ్ల తరబడి పిల్లలకు నేర్పినా కాకినాడ, భీమవరం, అమలాపురం వైపు ఉద్యోగం దొరకట్లేదంటే, లోపం చాలాసార్లు పనితనంలో కాదు, కాగితాల్లో ఉంటుంది. ప్రభుత్వ కోచ్ పోస్టులకు మామూలుగా పటియాలా ఎన్‌ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) కోచింగ్ డిప్లొమా అడుగుతారు. ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు దానికి సాటి రాదు. బడిలో పీఈటీగా, అంటే వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరాలంటే వ్యాయామ విద్య డిగ్రీయో డిప్లొమాయో ఉండాలి. అనుభవం నోటిమాటగా చెబితే చెల్లదు; ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ వయసు పిల్లలకు, ఏ స్థాయి వరకు నేర్పారో లెటర్‌హెడ్ మీద రాయించుకోండి.

రెండో చిక్కు చోటు. నేల మీద విన్యాసాలు చేసే ఒక్క ఫ్లోరుకే 12 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు కావాలి. ప్రైవేటు స్కూలుకెళ్లి బార్లు, బీమ్ లాంటి పెద్ద సామాను కొనమంటే మాట అక్కడితో ఆగిపోతుంది. నాలుగు క్రాష్ మ్యాట్లు (దూకి దిగే చోట వేసే మందపాటి పరుపులు), ఎగరడానికి ఒక స్ప్రింగ్‌బోర్డు, సాయంత్రం బ్యాచ్, ఫీజులో వాటా: ఇలా అడిగి చూడండి. అన్నట్టు, మన డెల్టా తేమకి సిమెంటు నేల మీదే వదిలేసిన మ్యాట్ అడుగున బూజు పడుతుంది. క్లాసయ్యాక చెక్కల మీద నిలబెట్టాలని స్కూలుకిచ్చే ప్లానులో రాస్తే, సామాను సంగతి తెలిసిన మనిషని వాళ్లకే అర్థమవుతుంది.

డెమోలో మీ బ్యాక్‌ఫ్లిప్ ఎవరికీ అక్కర్లేదు. బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్ (వెనక్కి చేతుల మీదుగా పల్టీ) వేసే పిల్లకి ఒక చెయ్యి నడుము దగ్గర, రెండోది తొడ వెనక ఆనించి ఎలా కాస్తారో చూపండి. యాజమాన్యం భయమంతా మెడ దెబ్బల గురించే. ఆడపిల్లల బ్యాచ్‌కి మహిళా సహాయకురాలిని, ఫైల్లో పోలీస్ వెరిఫికేషన్ కాగితాన్ని అడక్కముందే సిద్ధంగా ఉంచుకోండి.