స్ప్రింగ్–సమ్మర్ 2026 షోలలో నాకు నచ్చినవి, మన మిషన్ మీద కుదిరేవి

2025లోనే జరిగిన ప్యారిస్, మిలన్ స్ప్రింగ్–సమ్మర్ 2026 ఫ్యాషన్ షోల్లో బాగా నచ్చినవేవి, నెల్లూరులో చిన్న బొటిక్ నడిపేవాళ్ళకి వాటిలో పనికొచ్చేదేమైనా ఉందా అని అడిగారు. రంగుల గురించి చెప్పను, అవి ఇన్‌స్టాలో అందరూ చూసేసినవే. నా కన్నెప్పుడూ అంచు మీదే ఉంటుంది. బట్ట కింద ఎట్లా పడుతోంది, అట్లా పడటానికి లోపల ఏం చేశారు అన్నదే చూస్తాను.

ఆ లెక్కన మొదటి మార్కు ప్యారిస్ ఫ్యాషన్ కంపెనీ షనెల్‌కి. 2025 అక్టోబరు 6న గ్రాండ్ పలేలో, పైన గ్రహాలు వేలాడదీసిన హాల్లో షనెల్ డిజైనర్‌గా మాత్యూ బ్లాజీ తొలి షో. చివర్లో సిల్కు టీషర్టు, రంగురంగుల పెద్ద స్కర్టుతో నవ్వుతూ తిరిగిన మోడల్ వీడియోనే అందరూ పంచుకున్నారు. నాకు మాత్రం ప్యారిస్‌లో చొక్కాలు కుట్టే షర్వే వాళ్ళతో కలిసి చేసిన చొక్కాలు నచ్చాయి. చూడ్డానికి మామూలు చొక్కాలే, కానీ కింది అంచులో సన్న గొలుసు ఉంది. షనెల్ జాకెట్లలో ఇది పాత పద్ధతే. లోపల అంచు వెంట గొలుసు కుడితే ఆ బరువుకి జాకెట్ పైకి లేవకుండా తిన్నగా పడుతుంది. మనం చీరకి ఫాల్ వేసేదీ అందుకేగా.

ఇది మన దగ్గర చేసుకోవచ్చు. లైనింగ్ వేసిన పొట్టి జాకెట్ అయితే బాగా కుదురుతుంది. గొలుసు ఇత్తడిదే తీసుకోండి, 4–5 మిల్లీమీటర్ల వెడల్పు, మెలి పడకుండా చదునుగా పరుచుకునేది. ఇనపదైతే మన ఉప్పుగాలికి, చెమటకి తుప్పు దిగుతుంది, ఆ మరక ఇక పోదు. జాకెట్ మొత్తం పూర్తయి, ఇస్త్రీ కూడా అయ్యాకే గొలుసు పట్టుకోవాలి. జాకెట్ ముందువైపు పట్టీల మీదికి రానీకుండా, లైనింగ్ ముగిసే చోటుకి కాస్త కిందగా ఈ పట్టీ నుంచి ఆ పట్టీ దాకా పరిచి, చేతికుట్టు వేయాలి. ఒక లింకు వదిలి ఒక లింకుకి పైన ఒక కుట్టు, కింద ఒక కుట్టు. సూది మడత పొరని మాత్రమే పట్టాలి, పై బట్టకి తగలకూడదు. ఒకవైపే కుడితే నాలుగు రోజులకి గొలుసు తిరగబడుతుంది. లాగి మాత్రం కుట్టబాకండి, అంచు కుచ్చులు పడుతుంది. ఇస్త్రీ చేసేవాళ్ళకి కూడా చెప్పి పంపండి. గొలుసు మీదుగా పెట్టె తోశారంటే లింకుల అచ్చు బయటికి దిగుతుంది.

వెంకటగిరి కాటన్ లాంటి పల్చటి బట్టకి గొలుసు వద్దు. భుజాల దగ్గర లాగుతుంది, పైగా లోపలిది బయటికి కనపడుతుంది. దానికి అదే రంగు కాటన్ ఫాల్‌ని 2 అంగుళాల పట్టీగా కోసి లోపల హెమ్మింగ్ చేస్తే చాలు. ఫాల్‌ని ముందు రాత్రంతా నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి వాడండి. అర్జెంటు ఆర్డర్లలో అందరూ ఎగ్గొట్టే పని ఇదే. ఎగ్గొడితే తొలి ఉతుకులో ఫాల్ కుంచించుకుపోతుంది, పై బట్ట అట్లాగే ఉంటుంది, ఇక అంచంతా ముడతలే.

మన దేశం పేరు వినపడ్డ షోల్లో రెండు చెప్తాను, రెండూ మగవాళ్ళవే. 2025 జూన్ 24న ప్యారిస్‌లో పాంపిడూ సెంటర్ ముందు లూయీ విట్టన్ వాళ్ళు నేలంతా వైకుంఠపాళి పరిచారు, అది స్టూడియో ముంబై ఆర్కిటెక్టు బిజోయ్ జైన్ డిజైన్. సెట్టు బాగుంది, బట్టలు నాకంత పట్టలేదు. దానికి రెండు రోజుల ముందు మిలన్‌లో ప్రాడా వాళ్ళు అచ్చం కొల్హాపురి చెప్పులు వేయించి, వట్టి తోలు చెప్పులని రాశారు. గొడవయ్యాక గానీ భారతీయ చేతిపని నుంచి తీసుకున్నామని ఒప్పుకోలేదు. కొల్హాపురికి 2019 నుంచే జీఐ (భౌగోళిక గుర్తింపు) ఉంది. అయినా వాళ్ళనొక్కళ్ళనే అని ఏం లాభం? మన షాపుల్లో నెల్లూరు దగ్గరి పాటూరు నేత మీద పాటూరు పేరు ఎన్ని చోట్ల కనపడుతుంది?

బట్టల్లో నాకు రెండోది డియోర్. జూన్ 27న డియోర్ డిజైనర్‌గా జొనాథన్ ఆండర్సన్ తొలి షోలో వదులు నిక్కర్ల వెనక మడత మీద మడత వేశారు. 1948 నాటి డెల్ఫ్ట్ అనే డియోర్ గౌను నుంచి తెచ్చిన ఆలోచన అది. నిక్కరు మనకెందుకు గానీ, ఆ మడతల నిండుదనం చేనేత లంగాకి అద్దినట్టు సరిపోతుంది. బాక్స్ ప్లీట్లకి, అంటే రెండు వైపులా లోపలికి మడిచే కుచ్చిళ్ళకి, నడుముకి మూడింతల బట్ట కావాలి. నడుము 30 అంగుళాలైతే 90 అంగుళాలు, కుట్లకీ సర్దుబాటుకీ కలిపి రెండున్నర మీటర్లు. ఒక్కో మడత ఒకటిన్నర అంగుళం కనపడేట్టు పెడితే 20 మడతలొస్తాయి. ఒక్కోదాంట్లో అంగుళంలో పదహారో వంతు తప్పినా నడుము దగ్గర 1.25 అంగుళాల తేడా వస్తుంది. అందుకే టేపుతో కాకుండా 4.5 అంగుళాల అట్టముక్కతో గుర్తులు పెట్టండి. కోసే ముందు బట్టని ఉతికి గంజి పోగొట్టాలి. మడతల పైభాగం 4 అంగుళాల మేర కచ్చా కుట్టు వేసి, తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేసి, పూర్తిగా ఆరాకే కచ్చా కుట్టు విప్పాలి. అంచులో ఉన్నది ప్లాస్టిక్ జరీ అయితే పెట్టె నేరుగా ఆనించకండి, అందులో ఉండేది ప్లాస్టిక్ పొర, వేడికి ముడుచుకుపోతుంది. అంచుని తిరగేసి, పైన పొడి కాటన్ గుడ్డ వేసి తక్కువ వేడి మీద చేయండి.