మీ అత్తగారి భుజం ఆపరేషన్ గురించి

స్వాతీ,

నువ్వు పంపిన ఎక్స్‌రేలు చూశాను. జబ్బ ఎముక తలభాగం నాలుగు ముక్కలై పక్కకి జరిగింది. డాక్టరుగారు రివర్స్ భుజం మార్పిడి, అంటే బంతీ గిన్నె స్థానాలు తారుమారు చేసి కొత్త కీలు పెట్టడం, అనడంలో తప్పేం లేదు. అలాగని రేపే సంతకం పెట్టాలన్న టెన్షన్ వద్దు. గూడ జారలేదు, చర్మం చిట్లలేదు, వేళ్లు ఆడుతున్నాయి కాబట్టి ఇంకో డాక్టరుకి చూపించే టైముంది. మామూలుగా ఈ ఆపరేషన్ మొదటి రెండు మూడు వారాల్లో చేస్తారు.

ఆపరేషన్ లేకుండా, చెయ్యి మెడకి వేలాడదీసే పట్టీ కడితే చాలని మీ మావయ్యగారు అంటున్నారట, ఆ మాట కొట్టిపారేయకు. బ్రిటన్‌లో 250 మందిని పరిశీలించి 2015లో ప్రచురించిన ఫలితాల్లో, ఆపరేషన్ చేయించుకున్నా పట్టీతో ఉన్నా రెండేళ్లకి చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాకపోతే అక్కడ ఆపరేషన్లలో చాలావరకు విరిగిన ముక్కల్ని ప్లేట్లతో బిగించినవే, కీలు మార్పిడులు కొద్దే.

మార్పిడికే మొగ్గితే ఏ రకమో అడుగు. జబ్బ ఎముక తలభాగంలోని బంతి ఒక్కటే మార్చే పాత పద్ధతిలో, కండరాలు పట్టుకుని ఉండే చిన్న ముక్కలు సరిగ్గా అతకాలి. పెద్దవయసులో అవి తరచూ మొరాయిస్తాయి. రివర్స్‌లో బంతిని రెక్క ఎముకకి, గిన్నెను జబ్బ ఎముకకి బిగిస్తారు. అప్పుడు చేతిని ముఖ్యంగా భుజం మీద కప్పినట్టుండే డెల్టాయిడ్ కండరమే లేపుతుంది. అందుకే దాని నరం బాగుందో లేదో ముందే చూడమను. స్పెయిన్‌లో 70 దాటిన 62 మందిలో పోల్చి చూస్తే పాత పద్ధతిలో చెయ్యి సగటున 80 డిగ్రీలు, రివర్స్‌లో 120 డిగ్రీలు లేచింది. మొదటిది భుజం ఎత్తు కూడా కాదు. రెండోదైతే తల దువ్వుకోవచ్చు, కళ్లెదుట అరలోంచి డబ్బా తీయొచ్చు. అటక మాత్రం ఇక మీ పనే.

డాక్టర్లు పైపైన చెప్పి వదిలేసేది, చెయ్యి వెనక్కి వెళ్లడం గురించి. ఫిజియోథెరపీ చేసినన్నాళ్లూ నేను ఎక్కువగా విన్న బాధ అదే. చీర నడుం చుట్టూ తిప్పేటప్పుడు వెనక చెయ్యి అందదు. వీపు రుద్దుకోలేరు. ఆవిడకి విరిగింది ఎడమ చెయ్యి, బాత్రూంలో కడుక్కోవడం సంగతి నోరు తెరిచి అడగరు. నువ్వే మాట కదిపి, కుడిచేతికి అందేలా హ్యాండ్ షవర్ పెట్టించు. ముందు గుండీలున్న వదులు నైటీలు కొనుంచు.

ఆపరేషన్ అయ్యాక నెల, నెలన్నర పట్టీ ఉంటుంది. వేళ్లు, మోచెయ్యి డాక్టరు చెప్పినట్టు మొదటినుంచీ ఆడిస్తూ ఉండాలి. ఆ చేత్తో కుర్చీని వెనక్కి నొక్కి లేవనివ్వకు, కొత్త కీలు జారేది అలాంటప్పుడే. ఎడమవైపు ఆనుకోడానికి ఏమీ లేని కుర్చీ వెయ్యి. మెరుగుదల ఏడాదిదాకా వస్తూనే ఉంటుంది, మూడోనెలలో దిగాలు పడొద్దని చెప్పు. షుగర్ అదుపులో లేకపోతే చీము పట్టే భయం ఎక్కువ, అది ఆపరేషన్‌కి ముందే చూసుకోవాలి.

ఇలాంటివి ఏడాదికి ఎన్ని చేస్తారని సర్జన్‌ని అడగడానికి మొహమాటపడకు.

నిలబడ్డచోటే పడితే ఇంతగా విరిగిందంటే ఎముకలు గుల్లబారాయన్నమాటే. భుజం హడావుడిలో అందరూ అది మరిచిపోతారు, తర్వాత తుంటి విరుగుతుంది. ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్, విటమిన్ డి పరీక్ష చేయించి రిపోర్టులు నాకు పంపు.

పెద్దమ్మ