ట్రాక్ పక్కన ఊరు: ప్రశ్నలూ జవాబులూ

ప్రశ్న: ఇష్టమైన ఊరేదని ఫార్ములా వన్ డ్రైవర్లను అడిగితే మెల్‌బోర్న్, మాంట్రియల్, సింగపూర్ పేర్లే ఎక్కువగా వినిపిస్తాయి. బ్రెజిల్‌లోని సావో పాలో ట్రాక్‌ని తెగ మెచ్చుకుంటారు గానీ ఊరి ఊసెత్తరు. ఎందుకని?
(ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: చూడదగ్గ స్థలాలకూ దీనికీ సంబంధం తక్కువండీ. గురువారం విలేకరులు, శుక్రవారం ప్రాక్టీస్, శనివారం క్వాలిఫయింగ్ (రేసులో ఎవరు ఎన్నో స్థానం నుంచి మొదలుపెట్టాలో తేల్చే పోటీ), ఆదివారం రేసు. సందు దొరికితే ఇంజినీర్లతో మీటింగులు, స్పాన్సర్ల కార్యక్రమాలు. 2025 సీజన్‌లో ఇలాంటి వారాంతాలు 24. కాబట్టి డ్రైవరు ఊరిని కొలిచేది రెండే లెక్కలతో: హోటలు నుంచి ట్రాక్‌కి ఎంతసేపు పడుతుంది, ఒంటి గడియారం ఎంత తిరగబడుతుంది.

మెల్‌బోర్న్‌లో ఆల్బర్ట్ పార్క్ ట్రాక్ (5.278 కిలోమీటర్లు) ఒక సరస్సు చుట్టూ ఉంటుంది. నగరం నడిబొడ్డు నుంచి మూడు కిలోమీటర్లే, ట్రామ్ ఎక్కితే చాలు. పక్కనే సెయింట్ కిల్డా బీచ్. యూరప్‌కీ అక్కడికీ పది గంటల తేడా ఉండటంతో నిద్ర కుదుటపడటానికి చాలామంది కొన్ని రోజుల ముందే దిగుతారు. ఊరు చూసే తీరిక దొరికేది ఆ రోజుల్లోనే.

సావో పాలోలో ఇంటర్‌లాగోస్ ట్రాక్ నగరానికి దక్షిణాన ఉంది. ట్రాఫిక్ ఒక బాధ, భద్రత ఇంకో బాధ. 2017లో ట్రాక్ నుంచి తిరిగెళ్తున్న మెర్సిడెస్ సిబ్బందిని తుపాకులు చూపించి దోచుకున్నారు. జపాన్‌లో సుజుకా కథ వేరు. ఊరు చిన్నది, సాయంత్రం వెళ్ళడానికి పెద్దగా ఏమీ ఉండదు. అయినా డ్రైవర్లు ఇష్టపడతారంటే అది ఎనిమిది అంకె ఆకారంలో తిరిగే ఆ ట్రాక్ వల్ల, చీకటి పడ్డా స్టాండ్లు ఖాళీ చేయని అభిమానుల వల్ల.

ప్రశ్న: సింగపూర్‌లో డ్రైవర్లు పగలు పడుకుని రాత్రి తిరుగుతారట. నిజమేనా? మేము హైదరాబాద్ నుంచి ఆ రేసుకు వెళ్ళాలనుకుంటున్నాం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
(ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: నిజమే. సింగపూర్ గ్రాండ్ ప్రి 2008లో ఫార్ములా వన్‌లో మొట్టమొదటి రాత్రి రేసుగా మొదలైంది. రేసు అక్కడి రాత్రి 8కి, అంటే మధ్య యూరప్‌లో మధ్యాహ్నం 2కి. అందుకే జట్లు యూరప్ టైమునే పట్టుకు వేలాడతాయి. తెల్లవారుజామున నిద్ర, మధ్యాహ్నం దాటాక లేవడం, అప్పుడే టిఫిను, అర్ధరాత్రి దాటాక భోజనం. ఇది చెడేది చిన్న విషయాల దగ్గరే. కర్టెను సందులోంచి వెలుగు వచ్చినా, పొద్దున్నే గది ఊడ్చడానికి ఎవరైనా తలుపు తట్టినా నిద్ర పాడవుతుంది. ట్రాక్ నుంచి హోటలుకు తిరిగి వచ్చేటప్పుడు ఎండ కంట్లో పడితే ఒళ్ళు తెల్లారిందనుకుంటుంది.

ఇక వేడి. దాదాపు 4.9 కిలోమీటర్ల ట్రాక్, 62 ల్యాపులు, ఇరువైపులా గోడలు, గాలిలో తేమ. చెమట ఆరదు కాబట్టి ఒళ్ళు చల్లబడదు. రేసు ముగిసేసరికి రెండు మూడు కిలోల బరువు తగ్గుతుంది, అదంతా నీరే. హెల్మెట్‌లోకి గొట్టంతో వచ్చే పానీయం కాసేపటికి టీ అంత వేడెక్కుతుంది. 2025లో ఈ పోటీల నియంత్రణ సంస్థ ఎఫ్.ఐ.ఎ. మొదటిసారిగా ఈ రేసుకే వేడి ప్రమాద హెచ్చరిక ప్రకటించింది. చల్లని ద్రవం పారే సన్నగొట్టాల చొక్కా వాడుకునే వీలు కల్పించింది.

మీ విషయానికొస్తే, డ్రైవర్ల కంటే మీకే సుళువు. మనకీ సింగపూర్‌కీ తేడా రెండున్నర గంటలే. మన టైమునే పాటించండి. రాత్రి 10కి రేసు అయిపోయినప్పుడు మీ ఒంటికి ఏడున్నరే. అయితే హోటలు గదికి బ్రేక్‌ఫాస్ట్ కలిపి డబ్బు కట్టకండి, మీరు లేచేసరికి అది ఎత్తేస్తారు.

ట్రాక్ ఉండే మెరీనా బే చుట్టూ రోడ్లు మూసేస్తారు, ట్యాక్సీ దగ్గరికి రాదు. బస లిటిల్ ఇండియాలో చూసుకోండి. అక్కడ డౌన్‌టౌన్ లైన్ ఎంఆర్‌టీ (మెట్రో రైలు) ఎక్కితే మూడో స్టేషనే ట్రాక్ దగ్గరి ప్రొమెనేడ్, రైలు మారక్కర్లేదు. సెరంగూన్ రోడ్డు, రేస్ కోర్స్ రోడ్డు వైపు ఆంధ్ర భోజనం దొరుకుతుంది. (ఆ రేస్ కోర్స్ గుర్రాలది లెండి.) గొడుగు తీసుకెళ్తే వెనకవాళ్ళకి అడ్డం, పల్చటి రెయిన్‌కోటు మేలు. వీసాతో పాటు, అక్కడికి చేరే ముందు మూడు రోజుల్లో ఎస్‌జీ అరైవల్ కార్డు (సింగపూర్‌కు వచ్చేవాళ్ళు నింపే ఫారం) ఆన్‌లైన్‌లో నింపాలి. ఫీజు లేదు, డబ్బు అడిగే వెబ్‌సైట్ కనిపిస్తే మూసేయండి.

ప్రశ్న: డ్రైవర్లకు మొనాకో అంత ఇష్టమా? సగం మంది అక్కడే ఉంటున్నారు!
(ఒక పాఠకుడు, తిరుపతి)

జవాబు: ఇష్టం కంటే పన్ను. అక్కడ స్థిరపడినవాళ్ళకు వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు. ఫ్రెంచి పౌరులకు మాత్రం 1963 నాటి ఒప్పందం వల్ల ఈ వెసులుబాటు వర్తించదు. ఫ్రాన్స్‌లోని నీస్ విమానాశ్రయం దగ్గర్లో ఉండటం, చలికాలంలోనూ సైకిలు తొక్కే వాతావరణం, రోడ్డుమీద ఫొటోల కోసం మీదపడని జనం ఉండటం అదనపు లాభాలు. డ్రైవర్ షార్ల్ లెక్లెర్క్ సంగతి వేరు. అది ఆయన పుట్టిన ఊరు, 2024లో అక్కడే గెలిచాడు.

ప్రశ్న: హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ దగ్గర జరిగింది ఫార్ములా వన్ కాదా?
(ఒక పాఠకురాలు, కరీంనగర్)

జవాబు: కాదు, కరెంటు కార్ల ఫార్ములా ఈ. 2023 ఫిబ్రవరి 11న జరిగింది, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2024లో జరగాల్సింది రద్దయింది. మన దేశంలో ఫార్ములా వన్ జరిగింది గ్రేటర్ నోయిడాలో, 2011 నుంచి 2013 దాకా.

ప్రశ్న: మా అబ్బాయి టొరంటోలో ఉన్నాడు. మాంట్రియల్ రేసుకు కారులో వెళ్దామంటున్నాడు. మంచిదేనా?
(ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: మాంట్రియల్ దాకా కారు సరే, సుమారు 540 కిలోమీటర్లు. ట్రాక్ దాకా కుదరదు. అది ఎక్స్‌పో 67 (1967 నాటి ప్రపంచ ప్రదర్శన) కోసం నదిలో మట్టిపోసి కట్టిన నోత్ర్ దామ్ దీవి మీద ఉంది, ప్రేక్షకుల కార్లకు చోటు లేదు. బెర్రీ-యూకామ్ స్టేషన్‌లో పసుపు లైన్ మెట్రో ఎక్కి మొదటి స్టాపు జాన్-డ్రాపోలో దిగి, వంతెన మీదుగా నడవాలి. డ్రైవర్లు మెచ్చుకునేది కూడా ఈ దగ్గరితనాన్నే. నగరం నదికి అవతలి గట్టునే, రేసు వారం క్రెసెంట్ వీధి అంతా జాతర.

సీటు ఎంచుకోవాల్సి వస్తే క్యాసినో వైపు హెయిర్‌పిన్ (వెనక్కి తిరిగే ఇరుకు మలుపు) దగ్గర తీసుకోండి. గట్టిగా బ్రేకు వేసి కార్లు దాదాపు మీ ముందే ఆగినట్టు తిరుగుతాయి, ఓవర్‌టేకులూ కనిపిస్తాయి. 1999 రేసులో మాజీ ఛాంపియన్లు ముగ్గురు విడివిడిగా వెళ్ళి గుద్దుకున్న గోడ చివరి మలుపు దగ్గర ఉంది. చూడ్డానికి బాగుంటుంది గానీ అక్కడ కారు రెప్పపాటులో దాటిపోతుంది. రేసు అవ్వగానే అందరూ ఆ ఒక్క స్టేషన్‌కే పరుగెడతారు. గంటసేపు దీవి మీదే కూర్చుని, రద్దీ పల్చబడ్డాక బయల్దేరండి.