పని మానేసిన మాస్టర్ పక్క సందులోనే షాపు పెట్టాడు, రాయించుకున్న బాండు చెల్లుతుందా?

ప్రశ్న: హనుమకొండలో నాకు మగ్గం వర్క్, బ్లౌజుల కుట్టుపని షాపు ఉంది. ఆరుగురు పనిచేస్తారు. ఏడేళ్లుగా కటింగ్ మాస్టర్‌గా ఉన్నతను కిందటి నెల 18న చెప్పాపెట్టకుండా మానేసి, రెండు సందుల అవతల సొంత షాపు తెరిచాడు. నా షాపు పేరుకే ముందు ‘న్యూ’ అని తగిలించి బోర్డు కట్టాడు. మా కొలతల పుస్తకం కనిపించడం లేదు. మా కస్టమర్లకు ఫోన్లు చేస్తున్నాడు. చేరినప్పుడు 100 రూపాయల బాండు పేపర్ మీద, “పని మానేశాక మూడేళ్ల దాకా వరంగల్ అర్బన్ జిల్లాలో షాపు పెట్టను, పెడితే 2 లక్షలు కడతాను” అని రాసిచ్చాడు. దానికి పూచీగా సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇచ్చాడు. కూతురి పెళ్లికి ఇచ్చిన అడ్వాన్సులో ఇంకా 25,000 బాకీ. నేను అతని 18 రోజుల జీతం 14,400 ఆపాను. చెక్కులో 2 లక్షలు రాసి బ్యాంకులో వేయమని అందరూ అంటున్నారు. వేయనా? అర్బన్ జిల్లా పేరు ఇప్పుడు లేదు కాబట్టి బాండు చెల్లదని మా తమ్ముడు అంటున్నాడు, నిజమేనా?
– ఒక సోదరి, హనుమకొండ

జవాబు: అమ్మా, ముందు ఒక్క మాట. చెక్కు బ్యాంకులో వేయకండి. ఎందుకో చెబుతాను.

బాండు చెల్లదన్న మీ తమ్ముడి మాట నిజమే, కానీ ఆయన చెప్పిన కారణం కాదు. 2021లో వరంగల్ అర్బన్ జిల్లాకు హనుమకొండ అని పేరు మార్చారు. పేరు మారినంత మాత్రాన కాగితంలోని మాట పోదు. బాండు చెల్లనిది 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 వల్ల. ఒక మనిషిని తన వృత్తి, వ్యాపారం చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం ఏదైనా ఆ మేరకు చెల్లదని అది చెబుతుంది. మూడేళ్లే కదా, ఒక్క జిల్లాయే కదా అన్న వాదన కూడా నిలవదు. 1874లోనే కలకత్తా హైకోర్టు ముందుకు ఇలాంటి తగాదా వచ్చింది. ఒకే పేటలో ఇద్దరు పోటీ దుకాణదారులు. అక్కడ నీ దుకాణం మూసేస్తే డబ్బిస్తానని ఒకరు రెండో వారికి మాటిచ్చారు. ఆయన మూసేశాక డబ్బివ్వలేదు. కోర్టుకెళితే, అడ్డు ఆ ఒక్క పేటకే అయినా ఒప్పందం చెల్లదని తేల్చారు. సుప్రీంకోర్టు కూడా 1980లో, ఉద్యోగం పోయాక అదే పని చేయకూడదన్న షరతును అమలు చేయడానికి ఒప్పుకోలేదు.

బాండు పేపర్ అనగానే మన దగ్గర ఒక నమ్మకం ఉంది, దాని మీద ఏం రాసినా చట్టమే అని. స్టాంపు అంటే సర్కారుకు కట్టే పన్ను మాత్రమే. చెల్లని మాటను 100 రూపాయల పేపర్ మీద రాసినా చెల్లదు, 1,000 రూపాయల పేపర్ మీద రాసినా చెల్లదు. షాపు పెట్టననే మాటే చెల్లనప్పుడు, పెడితే కడతానన్న 2 లక్షలు కూడా దానితోనే పోతాయి. మీ దగ్గర జీతం తీసుకుంటూనే సాయంత్రం పూట బయట కుట్టి ఉంటే వేరే సంగతి. పనిలో ఉన్నంతకాలం ఇంకోచోట చేయకూడదన్న షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది.

ఇక చెక్కు. వేయమని సలహా ఇచ్చేవాళ్ల మాటలో కొంత నిజముంది. సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇచ్చినా, అది బాకీ తీర్చడానికే ఇచ్చినట్టు కోర్టు మొదట భావిస్తుందని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. కానీ ఆ భావన తప్పని చూపించే అవకాశం అవతలివాళ్లకు ఎప్పుడూ ఉంటుంది. చెక్ బౌన్స్ కేసుకు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద చట్టం ఒప్పుకునే బాకీ ఉండాలి. ఇక్కడ ఆ 2 లక్షలు ఎలా వచ్చాయని అడిగితే మీరు చూపించేది బాండే. అదే అతనికి సాక్ష్యమవుతుంది.

ఇలాంటి కేసే ఒకటి నేను దగ్గరగా చూశాను. మొబైల్ రిపేర్ షాపు ఆయన ఇలాగే పనివాడి ఖాళీ చెక్కు నింపి కేసు వేశారు. రెండేళ్లు వాయిదాలకు తిరిగాక, క్రాస్‌లో, అంటే అవతలి లాయరు ప్రశ్నలడిగేటప్పుడు, ఆయన చేతికి ఆ బాండే ఇచ్చి చదవమన్నారు. పూచీగా చెక్కు తీసుకున్నానన్న లైను ఆయనే పైకి చదివారు. కేసు అక్కడితో అయిపోయింది. అప్పటికి లాయరు ఫీజు, టెన్షన్, షాపు మూసుకుని తిరిగిన రోజులు అన్నీ ఆయనవే. మీకు ఆ గతి పట్టకూడదని ఇంత గట్టిగా చెబుతున్నాను.

చెక్కు కంటే ముందు మీరు సరిదిద్దుకోవలసింది జీతం. కోపం ఉండొచ్చు, కానీ చేసిన పనికి జీతం ఆపితే తప్పు మీ వైపుకు వస్తుంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వేతన కోడ్ ప్రకారం, మనిషి మానేసినా తీసేసినా రెండు పనిదినాల్లోపు లెక్క తేల్చి ఇవ్వాలి. ఆ గడువు దాటిపోయింది, ఇంకా ఆలస్యం చేయకండి. ఇచ్చిన అడ్వాన్సు కింద జీతంలో కోసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది, కానీ మొత్తం కోతలు సగానికి మించకూడదు. 14,400లో 7,200 అడ్వాన్సు కింద పట్టుకుని, మిగతా 7,200 అతని ఖాతాలో వేయండి. నగదుగా ఇవ్వకండి. లెక్క ఒక కాగితం మీద రాసి వాట్సాప్‌లో కూడా పంపండి. బాకీ 17,800 మిగులుతుంది. దానికి అడ్వాన్సు ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయొచ్చు. ఖాతా పుస్తకంలో అతని సంతకం ఉన్న పేజీ జాగ్రత్త.

గ్రాట్యుటీ అడుగుతాడేమోనన్న భయం కూడా ఉండొచ్చు. పది మంది ఉన్న షాపులకే అది వర్తిస్తుంది. అయితే పెళ్లిళ్ల సీజన్‌లో ఫ్రేములు పెంచి ఎక్కువ మందిని పెట్టుకుంటారు కదా. గడిచిన 12 నెలల్లో ఏ ఒక్క రోజైనా పది మంది అయ్యారేమో హాజరు పుస్తకం చూసుకోండి.

మీకు బలం ఉన్న చోటు బోర్డు దగ్గర. సొంత షాపు పెట్టుకోవడం అతని హక్కు. మీ పేరు వాడుకోవడం అతని హక్కు కాదు. పేరు రిజిస్టర్ చేయించకపోయినా, జనం ఆ పేరుతో మిమ్మల్నే గుర్తుపడుతున్నారని, ‘న్యూ’ బోర్డు చూసి మీదే అనుకుంటున్నారని చూపిస్తే కోర్టు ఆ పేరు వాడకుండా ఆపుతుంది. దీనికి సాక్ష్యం ఇప్పటి నుంచే పోగు చేయండి. మొదటి ఏడాది బిల్లు పుస్తకాలు, పాత బోర్డు ఫొటో, ఇన్‌స్టాలో పెట్టిన బ్లౌజుల పోస్టులు, లేబర్ లైసెన్సు. “అక్కా, మీ కొత్త బ్రాంచి అనుకుని ఆది జాకెట్టు అక్కడ ఇచ్చొచ్చాను” అని ఏ కస్టమరైనా మెసేజ్ పెడితే దాన్ని చెరపకండి, వంద మాటల కంటే అదే ఎక్కువ. ట్రేడ్‌మార్కుకు కూడా దరఖాస్తు చేయండి. ఆన్‌లైన్‌లో వ్యక్తులకు ఒక తరగతికి ఫీజు 4,500. ఆలస్యం చేస్తే, ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నారని అడుగుతారు.

కొలతల పుస్తకం మీ సొత్తు. పనివాడు యజమాని సొత్తు తీసుకుపోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 306 కింద నేరం. కానీ తీసుకుపోవడం ఎవరైనా చూశారా? చూడకపోతే వెంటనే పోలీస్ స్టేషన్‌కు వెళ్లకండి, లాయరు నోటీసులో పుస్తకం తిరిగి ఇమ్మని అడగండి. కస్టమర్లు మాత్రం ఎవరి సొత్తూ కారు. ఏడేళ్లు తన చేత్తో కొలతలు తీసుకున్న వాళ్ల పేర్లు అతను మర్చిపోవాలని ఏ కోర్టూ చెప్పదు. ఇది మీకు నచ్చదని తెలుసు.

నోటీసులో మూడే అడగండి: బోర్డు మార్చడం, పుస్తకం ఇవ్వడం, 17,800 కట్టడం. 2 లక్షల ఊసు ఎత్తకండి. అతను దారికి రాకపోతే, దావాకు ముందు అదాలత్ సెంటర్ కోర్టుల్లోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టండి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. మీ దగ్గరున్న అతని ఖాళీ చెక్కు అక్కడ పనికొస్తుంది. దాన్ని అందరి ముందు అతనికి తిరిగి ఇచ్చేయండి, చెక్కు నంబరు రాజీ పత్రంలో రాయించండి. అతను బోర్డు ఏ తేదీలోపు దించుతాడో కూడా అదే పత్రంలో పక్క లైనులో రాయించండి.