పాత మారుతి 800 కింద ఆయిల్ మరక: గేర్‌బాక్స్ దింపించే ముందు ఇది చూడండి

మీ నాన్నగారి 1999 మోడల్ మారుతి 800, రాత్రి పెట్టిన చోట పొద్దున్నకల్లా రూపాయి బిళ్లంత మరక, షెడ్డులో చూపిస్తే వెనక క్రాంక్ సీల్ (ఇంజన్‌లో తిరిగే క్రాంక్ షాఫ్ట్‌కి గేర్‌బాక్స్ వైపు చివర ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) పోయింది, గేర్‌బాక్స్ దింపాలి, 12 వేలు అవుతుంది అన్నారు, దింపించాలా అని కదా అడిగారు. ఇప్పుడే వద్దండి. నా 1997 బండికి కూడా అక్షరం పొల్లుపోకుండా ఇదే మాట చెప్పారు, చివరికి సామాన్లకి అయిన ఖర్చు 300 లోపు.

కింద చుక్క పడిన చోటే లీకు ఉందనుకోవడంతోనే తప్పు మొదలవుతుంది. ఆయిల్ పైనుంచి కారుతూ, బండి నడిచేటప్పుడు గాలికి వెనక్కి పాకుతూ ఎక్కడో అంచు దొరికిన చోట చుక్కగా పడుతుంది. ఈ ఇంజన్‌లో డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచేది) ఇంజన్ పైభాగానికి, అంటే హెడ్‌కి, గేర్‌బాక్స్ వైపు చివర ఉంటుంది, దాని రబ్బరు రింగు గట్టిపడిపోతే ఆయిల్ సన్నగా గేర్‌బాక్స్ మీదుగా జారి, ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య అతుకు దగ్గర చుక్క కడుతుంది. కింద పడుకుని చూసినవాళ్లకి అది అచ్చం వెనక సీల్ లీకులాగే కనిపిస్తుంది. నాకు చెప్పిన మెకానిక్ మోసం చేశాడని నేను అనను, ఆయన కిందనుంచి మాత్రమే చూశాడు, అంతే.

అందుకని ముందు కడగండి. ఇంజన్ బాగా చల్లారాక డిస్ట్రిబ్యూటర్‌కీ కార్బ్యురేటర్‌కీ పాలిథిన్ కవర్ చుట్టి, పాత టూత్‌బ్రష్‌తో కిరోసిన్ రాసి జిడ్డంతా తుడిచేయండి, ఒక పూట ఆరనివ్వండి, ఆ వాసన పోయేదాకా స్టార్ట్ చేయకండి. తర్వాత అనుమానం ఉన్న అతుకుల మీద ముఖానికి రాసుకునే పౌడర్ చల్లి, ఒక పది కిలోమీటర్లు తిరిగి వచ్చి, ఇంజన్ ఆపేసి, మొబైల్ టార్చ్, షేవింగ్ అద్దం పట్టుకుని పైనుంచి కిందికి చూసుకుంటూ రండి. నా బండిలో టాపెట్ కవర్ (ఇంజన్ పైన ఉండే మూత) వెనక మూలన తెల్లటి పౌడర్ మీద పెన్నుతో గీసినట్టు ఒక నల్ల గీత, డిస్ట్రిబ్యూటర్ కింద ఇంకోటి కనిపించాయి. క్రాంక్ సీల్ వైపు ఆ రెండు ధారలు వచ్చి చేరిన తడి తప్ప ఇంకేం లేదు.

కింద ఒక అట్టముక్క కూడా పరవండి, చుక్క రంగు చాలా చెబుతుంది. నల్లగా, గోధుమ రంగుగా ఉంటే ఇంజన్ ఆయిల్, చిక్కగా ఉండి గంధకం కంపు కొడితే గేర్ ఆయిల్, చక్రం దగ్గర పలచగా తడి ఉంటే బ్రేక్ ఆయిల్. ఈ చివరిదైతే మాత్రం బండి బయటికి తీయొద్దు. ఇంజన్ ఆయిలే అయినా సైలెన్సర్ మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగ బయటికి వచ్చే వేడి గొట్టం) మీద పడి పొగ వస్తుంటే అదీ ఆగే పని కాదు, మంట అంటుకునే ప్రమాదం ఉంది.

టాపెట్ కవర్ ప్యాకింగ్ (ఆ మూత కింద ఆయిల్ ఆపే రబ్బరు పట్టీ) మీరే మార్చుకోవచ్చు. నేను విజయవాడ ఆటోనగర్‌లో కొన్నాను, పాత ప్యాకింగ్ చేతిలో పెట్టుకుని వెళ్తే షాపులో వెతుకులాట ఉండదు. పాతది విరిస్తే బిస్కెట్‌లా విరిగింది, రబ్బరు అలా గట్టిపడితే ఇక ఆయిల్ ఏం ఆపుతుంది. రెండు వైపులా అంటుకున్న ముక్కలు గోరుతోనో ప్లాస్టిక్ ముక్కతోనో గీకండి, స్క్రూడ్రైవర్ పెడితే అల్యూమినియం మీద గీత పడి కొత్త లీకు తయారవుతుంది. బోల్టులు కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించండి, బలం చూపిస్తే ప్యాకింగ్ నలిగి బయటికి వస్తుంది. డిస్ట్రిబ్యూటర్ రింగు మార్చడానికి మాత్రం, తీసేముందు బాడీకీ హెడ్‌కీ కలిపి ఒక గీత పెట్టి, రోటర్ (దాని లోపల తిరిగే ముక్క) ఎటు చూస్తోందో ఫొటో తీసుకోండి. లేదంటే టైమింగ్ తప్పి, బండి స్టార్ట్ అవ్వక, ఆ పూటంతా టెన్షనే.

ఇంత చేశాక కూడా రెండు నెలలకి మళ్లీ కారింది! ప్యాకింగ్ కొత్తదే, కవర్ కూడా వంకర పోలేదు. పక్క వీధి బాబాయ్ ఒకాయన, లారీల మీద పనిచేసి రిటైరైన మనిషి, వచ్చి టాపెట్ కవర్ నుంచి ఎయిర్ క్లీనర్‌కి వెళ్లే గొట్టం ఊడదీసి "ఊదు" అన్నాడు. బుగ్గలు నొప్పెట్టాయి గానీ గాలి దూరలేదు. లోపలంతా చింతపండు గుజ్జులాంటి జిడ్డు. ఇంజన్ లోపల పుట్టే గాలికి బయటికి దారి లేకపోతే అది ఆయిల్‌ని ప్యాకింగుల్లోంచి నెడుతుంది, మనం ఎన్ని మార్చినా అంతే. కొత్త గొట్టం వేశాక ఆగింది. మీరైతే ఇదే ముందు చూసుకోండి, పైసా ఖర్చు లేదు.

ఆయిల్ మార్చేటప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెబుతాను. పాత ఫిల్టర్ విప్పితే దాని రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోయింది, చూసుకోకుండా దాని మీద కొత్త ఫిల్టర్ బిగించాను, స్టార్ట్ చేసిన అర నిమిషానికి వాకిలంతా ఆయిల్. వెంటనే ఆపబట్టి సరిపోయింది. విప్పగానే అక్కడ వేలు పెట్టి తడమండి. డ్రెయిన్ నట్టుకి ప్రతిసారీ కొత్త వాషర్ వేయండి. 3 లీటర్ల డబ్బా సరిపోతుంది, ఒకేసారి అంతా పోసేయకుండా గేజ్ (ఆయిల్ మట్టం చూపే పుల్ల) చూసుకుంటూ పోయండి. లీకు ఆగుతుందని ఎవరో చెప్పారని చిక్కటి ఆయిల్ పోయొద్దు, మాన్యువల్‌లో ఉన్న గ్రేడే వాడండి. పాత ఆయిల్ కాలవలో పారబోయకుండా డబ్బాలో పోసి షెడ్డులో ఇచ్చేయండి. ఒట్టి జాకీ మీదో ఇటుకల మీదో బండి నిలబెట్టి కిందికి దూరొద్దు, స్టాండ్లు లేకపోతే షెడ్డుకే తీసుకెళ్లండి.

టైమింగ్ బెల్ట్ (ఇంజన్ వాల్వులని నడిపే క్యామ్ షాఫ్ట్‌ని తిప్పే బెల్ట్) ఎప్పుడు మార్చారో నాన్నగారిని అడగండి, గుర్తులేదంటే మార్పించేయండి, ఎలాగూ విప్పుతారు కాబట్టి దాని వెనక ఉండే క్యామ్ సీల్, ముందు వైపు క్రాంక్ సీల్ కూడా అప్పుడే వేయించండి. కడిగి చూశాక పైన అంతా పొడిగా ఉండి అతుకు దగ్గర మాత్రమే తడి వస్తుంటే, అప్పుడు షెడ్డువాళ్లు చెప్పిందే నిజం. అప్పుడైనా తొందరలేదు, క్లచ్ ప్లేట్లు అరిగిపోయినప్పుడు గేర్‌బాక్స్ ఎలాగూ దింపాలి, లీకు తక్కువైతే ఆ సీల్ అప్పుడే వేయించుకుంటే కూలీ ఒక్కసారే. క్లచ్ మీద ఆయిల్ పడి జారుతుంటే మాత్రం ఆగకండి.

నా బండికి ఇప్పటికీ చాంబర్ (ఇంజన్ కింద ఆయిల్ ఉండే తొట్టి) ప్యాకింగ్ దగ్గర కొద్దిగా చెమ్మ ఉంది. ప్రతి ఆదివారం గేజ్ తీసి చూస్తాను, సర్వీసుకీ సర్వీసుకీ మధ్య పై గీత నుంచి సగం కూడా దిగడం లేదు, అందుకే దాని జోలికి పోలేదు.